గ్రాఫిక్స్ కార్డుల పోలికలో సగటు పక్కన తడబాటునూ అచ్చువేయండి

సంపాదకులకు,

నమస్కారం. మీ సాంకేతిక పేజీలో రెండు గ్రాఫిక్స్ కార్డులను పక్కపక్కన పెట్టి పోల్చే పట్టికలు తరచూ వస్తున్నాయి. కార్డు పేరు, కోర్ల (లెక్కలు చేసే చిన్న భాగాల) సంఖ్య, మెమరీ ఎన్ని జీబీ, సెకనుకు సగటున ఎన్ని ఫ్రేములు (తెరమీద గీసే బొమ్మలు), చివర ఒక విజేత. ఈ పట్టికను నమ్మి కార్డు కొన్న పాఠకుడికి ఆట మొదలైన అరగంటకు తెర ఆగి ఆగి కదలడం, అంటే తడబాటు, మొదలైతే, కారణమేమిటో వెతుక్కోవడానికి ఆ పట్టికలో ఒక్క ఆధారం కూడా దొరకదు. గేమింగ్ కోసం కార్డులను పోల్చేటప్పుడు ఏం కొలవాలో, ఎక్కడ లెక్క తప్పుతుందో ఒక జతను తీసుకుని రాస్తున్నాను. కాస్త పొడవైన ఉత్తరమే. విషయం అలాంటిది, మన్నించి చోటివ్వగలరు.

జతగా ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, ఆర్‌టీఎక్స్ 4060 8 జీబీ కార్డులను తీసుకుంటాను. పేరులో అంకె పెరిగి మెమరీ తగ్గిన జత ఇది. పాతదాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొనాలా, దాని తర్వాతి తరం కార్డుకు వెళ్లాలా అని తేల్చుకోలేని వాళ్లు ఈ రెంటి దగ్గరే ఆగుతారు.

3060 వచ్చింది 2021 ఫిబ్రవరిలో. 3,584 కోర్లు, 1,777 మెగాహెర్ట్జ్ బూస్ట్ వేగం, 192 బిట్ల మెమరీ బస్ (చిప్‌కూ మెమరీకీ మధ్య డేటా దారి), 170 వాట్లు. 4060 వచ్చింది 2023 జూన్‌లో. 3,072 కోర్లు, 2,460 మెగాహెర్ట్జ్, 128 బిట్ల బస్, 115 వాట్లు. కోర్లు మాత్రమే చూస్తే పాతదే పెద్ద కార్డు అనిపిస్తుంది. కానీ కోర్లను వేగంతో, ఆపై రెండుతో (ఒక్కో కోరు ఒక్కో టిక్కుకు రెండు లెక్కలు చేస్తుంది కాబట్టి) గుణిస్తే పాతది సెకనుకు 12.7 లక్షల కోట్ల లెక్కలు చేయగలదు, కొత్తది 15.1 లక్షల కోట్లు. అంటే కోర్లు తక్కువైనా కొత్తదాని లెక్కల సత్తా 19 శాతం దాకా ఎక్కువ. తరం మారితే కోర్ల సంఖ్యను నేరుగా పోల్చకూడదు. కంపెనీ మారితే అసలే పోల్చకూడదు. ఏఎండీ ఆర్‌ఎక్స్ 7600లో ఉన్నవి 2,048 స్ట్రీమ్ ప్రాసెసర్లే (ఏఎండీ తన కోర్లకు పెట్టిన పేరు) అయినా, అది సాధారణ ఆటల్లో 4060తో దాదాపు సరిసమానంగా నడుస్తుంది.

మెమరీ వేగం లెక్క కూడా తేలికే. బస్ వెడల్పును 8తో భాగించి, మెమరీ చిప్ వేగంతో గుణించాలి. 3060లో 192ను 8తో భాగిస్తే 24, దాన్ని 15తో గుణిస్తే సెకనుకు 360 జీబీ. 4060లో 16ను 17తో గుణిస్తే 272 జీబీ. కొత్తది ఇక్కడ పాతిక శాతం దాకా వెనకబడింది. ఆ లోటు పూడ్చడానికే చిప్ లోపలి ఎల్2 కాష్‌ను (చిన్నదైన అతివేగ నిల్వను) 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెంచారు. మళ్లీ మళ్లీ అవసరమయ్యే డేటా కాష్‌లోనే దొరికితే మెమరీ దాకా వెళ్లే పని తగ్గుతుంది. 1080పీ (1920×1080 పిక్సెళ్ల) రిజల్యూషన్‌లో ఈ ఏర్పాటు బాగా పనిచేస్తుంది. అందుకే మెమరీ నిండనంత వరకు 1080పీలో 4060 సుమారు 15 నుంచి 20 శాతం ముందుంటుంది. 1440పీకి (2560×1440) వెళ్తే గీయాల్సిన పిక్సెళ్లు 20.7 లక్షల నుంచి 36.9 లక్షలకు పెరుగుతాయి, కాష్‌లో దొరికే వాటా పడిపోతుంది, తేడా చాలా ఆటల్లో కుంచించుకుపోతుంది. కాబట్టి రిజల్యూషన్ రాయకుండా "ఇంత శాతం వేగం" అని అచ్చువేస్తే ఆ అంకెతో ఎవరికీ పని జరగదు.

ఇక అసలు సంగతి, సగటు.

ఒక కార్డు వరసగా 99 ఫ్రేములను 10 మిల్లీసెకన్ల చొప్పున ఇచ్చి, వందో ఫ్రేముకు 110 మిల్లీసెకన్లు తీసుకుందనుకుందాం. మొత్తం 1,100 మిల్లీసెకన్లలో 100 ఫ్రేములు, సగటు సెకనుకు 90.9. ఇంకో కార్డు ప్రతి ఫ్రేమునూ సరిగ్గా 12.5 మిల్లీసెకన్లకు ఇస్తే సగటు 80. పట్టికలో మొదటిది గెలుస్తుంది. ఆడేవాడికి మాత్రం మొదటి కార్డులో ప్రతి సెకనుకూ ఒకసారి తెర గుక్క తిప్పుకుంటున్నట్టు ఉంటుంది, గురి పెట్టే ఆటల్లో అదే క్షణంలో ప్రాణం పోతుంది. రెండో కార్డు నున్నగా సాగుతుంది. ఈ తేడాను పట్టుకోవడానికే ఒక శాతం కనిష్ఠం అనే కొలత ఉంది. ఫ్రేములన్నిటినీ పట్టిన సమయం ప్రకారం వరసలో పెట్టి, అన్నిటికంటే నెమ్మదైన ఒక్క శాతం దగ్గర వేగం ఎంతో చెబుతుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ సరిహద్దులో ఉన్న ఫ్రేమును తీసుకుంటాయి, కొన్ని ఆ ఒక్క శాతం మొత్తానికి సగటు తీస్తాయి. రెండు అంకెలూ ఒకటి కావు. క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అనే కొలిచే సాఫ్ట్‌వేర్‌లో ఈ రెంటినీ విడివిడిగా చూడొచ్చు. ఏ సాఫ్ట్‌వేర్‌తో, ఏ పద్ధతిలో కొలిచారో చెప్పకుండా ఒకరి కనిష్ఠాన్ని ఇంకొకరి కనిష్ఠంతో పోల్చడం తగదు.

పది ఆటల ఫలితాలను కలిపి ఒకే సగటు వేయడంలో ఇంకో పెద్ద పొరపాటు దొర్లుతుంది. ఒక తేలికైన ఆటలో మొదటి కార్డు 400 ఫ్రేములు, రెండోది 300 ఇచ్చాయనుకోండి. ఒక బరువైన ఆటలో మొదటిది 45, రెండోది 60 ఇచ్చాయి. మామూలు సగటు తీస్తే మొదటిదానికి 222.5, రెండోదానికి 180 వస్తుంది, మొదటిది 24 శాతం మెరుగంటారు. రెండేసి అంకెలను గుణించి వర్గమూలం తీస్తే రెంటికీ 134.2 వస్తుంది, అంటే సమానం. ఇంకా నిజం చెప్పాలంటే, 400కూ 300కూ తేడా చాలామంది మానిటర్లలో కనబడనే కనబడదు. 45కూ 60కూ తేడా ప్రతి ఒక్కరికీ కనబడుతుంది. ఆటలను కలిపి చెప్పాలనుకుంటే ఇలా గుణించి మూలం తీసే గుణోత్తర సగటే వాడాలి, దాని పక్కన విడివిడి ఫలితాలూ ఉండాలి.

తడబాటు ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. ఈ జతలో ముఖ్య కారణం మెమరీ నిండిపోవడం. టెక్స్చర్లు (ఆటలోని వస్తువుల ఉపరితలాలమీద పరిచే బొమ్మలు), రే ట్రేసింగ్‌కు (వెలుతురు కిరణాల దారిని లెక్కకట్టే పద్ధతికి) కావలసిన డేటా, ఫ్రేమ్ బఫర్లు (గీసిన ఫ్రేములు నిలిచే చోట్లు) అన్నీ కలిసి 8 జీబీ దాటితే మిగిలినవి కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతాయి. అక్కడినుంచి మళ్లీ కార్డుకు రావాలంటే మదర్‌బోర్డుమీద కార్డు గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు గుండా రావాలి. 3060 ఆ స్లాటులో 16 లేన్లు (డేటా దారులు) వాడుతుంది, 4060 మాత్రం 8 లేన్లే. 4.0 తరం స్లాటులో 8 లేన్లంటే సెకనుకు సుమారు 16 జీబీ. 3.0 స్లాటులో అదే కార్డుకు అందేది 8 జీబీ లోపే. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేముకు ఉన్న సమయం 16.7 మిల్లీసెకన్లు. ఆ సమయంలో 4060 సొంత మెమరీ 4.5 జీబీ డేటాను అందించగలదు. 4.0 స్లాటు గుండా రాగలిగేది 260 ఎంబీ, 3.0 స్లాటు గుండా 130 ఎంబీ. మెమరీ దాటిన డేటా ఒక్క ఫ్రేములో అంతకంటే ఎక్కువ కావాల్సి వస్తే ఆ ఫ్రేము ఆలస్యమై తీరుతుంది. కార్డు లెక్కలు ఎంత చురుగ్గా చేసినా దీనికి విరుగుడు లేదు.

కాబట్టి పాత మదర్‌బోర్డు ఉన్నవాళ్లకు 4060 సిఫారసు చేసేముందు స్లాటు గురించి ఒక్క మాట చెప్పాలి. ఇంటెల్ పదో తరం దాకా ప్రాసెసర్లు, ఏఎండీ బీ450, ఏ520 బోర్డులు 3.0 దగ్గరే ఆగిపోయాయి. రైజెన్ 5500, 5600జీ లాంటి ప్రాసెసర్లయితే బీ550 బోర్డులో పెట్టినా 3.0 వేగమే ఇస్తాయి. ఇది చాలామంది గమనించరు. జీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బస్ ఇంటర్‌ఫేస్ అనే గడి చూస్తే తెలుస్తుంది. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు విద్యుత్ ఆదా కోసం ఆ గడిలో 1.1 అని కనబడుతుంది, అది చూసి కంగారు పడకూడదు. పక్కనున్న ప్రశ్నార్థకం గుర్తు నొక్కి లోడ్ ఇచ్చాక చూడాలి. బోర్డులో రెండో పొడవాటి స్లాటులో కార్డు పెట్టినవాళ్లకు చాలాసార్లు 4 లేన్లే అందుతాయి, అదీ ఇక్కడే బయటపడుతుంది.

మెమరీ నిండిందో లేదో తెలుసుకోవడానికి విండోస్ టాస్క్ మేనేజర్ చాలు. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో జీపీయూ నొక్కితే డెడికేటెడ్ మెమరీ, షేర్డ్ మెమరీ అని రెండు గీతలు ఉంటాయి. మొదటిది 8 జీబీకి అంటుకుపోయి, రెండోది ఆట సాగేకొద్దీ పైకి పాకుతుంటే డేటా పొంగిపోతోందని అర్థం. ఆట మెనూలో చూపే మెమరీ అంచనాను నమ్మొద్దు. ఆట అడిగి పెట్టుకున్న మెమరీ వేరు, నిజంగా వాడుతున్నది వేరు. ఉపశమనం కూడా ఉంది. టెక్స్చర్ నాణ్యతను ఒక మెట్టు దించితే చాలావరకు తడబాటు పోతుంది. టెక్స్చర్లు మెమరీలో పట్టినంత వరకు ఫ్రేమ్ వేగాన్ని దాదాపు తగ్గించవు. 12 జీబీ ఉన్న 3060 బలం సరిగ్గా ఇక్కడే ఉంది. నీడలు, ప్రతిబింబాలు మీడియంలో పెట్టుకుని టెక్స్చర్లను అల్ట్రాలో ఉంచుకోవచ్చు, బొమ్మ స్పష్టంగా ఉంటుంది. 4060 యజమాని కొన్ని ఆటల్లో దీనికి తలకిందులుగా సర్దుకోవాల్సి వస్తుంది.

ఇంకో రకం ఆటలున్నాయి. మెమరీ చాలకపోతే అవి తడబడవు, ఎవరికీ చెప్పకుండా టెక్స్చర్లను మసకబారుస్తాయి. సగటూ బాగుంటుంది, ఒక శాతం కనిష్ఠమూ బాగుంటుంది, గోడమీది రాతలు మాత్రం చదవడానికి రావు. అంకెలు మాత్రమే కొలిచేవాడికి ఇది ఎప్పటికీ దొరకదు. ఒకే చోట నిలబడి రెండు కార్డులతోనూ స్క్రీన్‌షాట్లు తీసి పక్కపక్కన చూడాలి.

కొలిచే పద్ధతి గురించి రాస్తాను. ఎక్కువ పోలికలు చెడేది ఇక్కడే. ప్రాసెసర్, ర్యామ్, డిస్కు, గేమ్ వెర్షన్ రెంటికీ ఒకటే ఉండాలి. బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దానిమీద రాసిన వేగానికి నడిపే సెట్టింగు, ఆన్ చేశారో లేదో చూడాలి. అది ఆన్ కాకపోతే 3200 వేగం అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్ చాలా బోర్డుల్లో 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంది. ఒకే ర్యామ్ స్టిక్కు పెట్టిన కంప్యూటర్‌లో కార్డులను కొలవడం దండగ, ముందుగా ర్యామే అడ్డుపడుతుంది. రీసైజబుల్ బార్‌ను (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి చేరుకోనిచ్చే సదుపాయాన్ని) రెంటికీ ఆన్ చేయాలి. దానికి బయాస్‌లో సీఎస్‌ఎం (పాత బూట్ పద్ధతి) ఆఫ్‌లో, ఎబవ్ 4జీ డీకోడింగ్ ఆన్‌లో ఉండాలి. విండోస్ ఉన్న డిస్కు పాత ఎంబీఆర్ విభజన పద్ధతిలో ఉంటే సీఎస్‌ఎం ఆపగానే కంప్యూటర్ బూట్ కాదు, ముందే దాన్ని కొత్త జీపీటీ పద్ధతికి మార్చుకోవాలి.

ఈ జతలో రెండు కార్డులకూ ఒకే డ్రైవర్ ప్యాకేజీ సరిపోతుంది. ఏఎండీ కార్డు తీసి ఎన్‌విడియా పెడుతుంటే మాత్రం పాతదాన్ని పూర్తిగా కడిగేయాలి. కొత్త డ్రైవర్ ముందే దింపుకుని, ఇంటర్నెట్ ఆపేసి, సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ నడపాలి. ఇంటర్నెట్ ఆపకపోతే రీస్టార్ట్ అయ్యేలోపు విండోస్ తన దగ్గరున్న పాత డ్రైవర్‌ను ఎక్కించేస్తుంది. డ్రైవర్ మారాక షేడర్లు (బొమ్మ గీయడానికి కార్డు నడిపే చిన్న ప్రోగ్రాములు) మళ్లీ కొత్తగా తయారవుతాయి, కాబట్టి మొదటి పరుగులో ప్రతి కార్డూ తడబడుతుంది. ఆ పరుగును లెక్కలోకి తీసుకోకూడదు. వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు), ఫ్రేమ్ పరిమితి రెండూ ఆపాలి. కార్డు చల్లగా ఉన్నప్పుడు వేగం కాస్త ఎక్కువ చూపిస్తుంది కాబట్టి పదిహేను నిమిషాలు వేడెక్కనిచ్చి, అదే దారిలో అదే సన్నివేశాన్ని మూడుసార్లు కొలవాలి. మూడింటిలో ఒకటి మిగతా రెంటికీ దూరంగా వస్తే వెనక ఏదో అప్‌డేట్ నడుస్తోందని అనుమానించాలి.

ఆటతోపాటు వచ్చే బెంచ్‌మార్క్‌ను నమ్ముకోవడం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. అవి సాధారణంగా నిమిషం, రెండు నిమిషాల్లో అయిపోతాయి, కెమెరా ముందే గీసిన దారిలో పోతుంది. మెమరీ నిండేది ఇరవై, ముప్పై నిమిషాలు ఆడి, ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి వెళ్లాక. 8 జీబీ కార్డును అరవై సెకన్ల పరుగుతో కొలిచి "తడబాటు లేదు" అని రాయడం పాఠకుడిని తప్పుదోవ పట్టించడమే. వేగానికి చిన్న పరుగు, మెమరీకి అరగంట పరుగు, రెండూ కావాలి.

రెండు కార్డులూ ఒకే అంకె చూపిస్తే అవి సమానమని తేల్చేయకూడదు. కొలుస్తున్నప్పుడు కార్డు వినియోగం 95 శాతానికి తక్కువగా ఉంటే అడ్డు ప్రాసెసర్ దగ్గర ఉండొచ్చు. రిజల్యూషన్ తగ్గించి చూడండి. వేగం పెరగకపోతే ప్రాసెసరే ఆపుతోంది. తక్కువ సెట్టింగులతో ఆడే పోటీ షూటింగ్ ఆటల్లో ఇది మామూలు. పాత ప్రాసెసర్‌తో అలాంటి ఆటలే ఆడేవాడికి ఈ రెండు కార్డుల్లో ఏది కొన్నా తేడా తెలియదని నిజాయితీగా చెప్పాలి.

ఫ్రేమ్ జనరేషన్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. డీఎల్ఎస్ఎస్ అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే ఎన్‌విడియా పద్ధతి) రెండు కార్డుల్లోనూ ఉంది. 1440పీలో క్వాలిటీ మోడ్ పెడితే కార్డు నిజానికి గీసేది 1707×960, మిగతాది పూరించుకుంటుంది. రెంటికీ ఒకే మోడ్ పెడితే పోలిక సరైనదే. ఫ్రేమ్ జనరేషన్ వేరు. డీఎల్ఎస్ఎస్‌లోని ఆ సదుపాయం 40 శ్రేణి నుంచే ఉంది, 4060లో అది రెండు అసలు ఫ్రేముల మధ్య ఒకటి సృష్టించి చొప్పిస్తుంది. అలా సృష్టించాలంటే తర్వాతి అసలు ఫ్రేము వచ్చేదాకా ఆగాలి, కాబట్టి మౌస్ కదలికకు తెర స్పందించడం త్వరపడదు, కాస్త ఆలస్యమవుతుంది కూడా. అసలు వేగం 60 ఉంటే ఆ సదుపాయం బాగుంటుంది. అసలు వేగం 30 ఉన్నప్పుడు తెరమీద 60 కనబడినా చేతికి 30 లాగే ఉంటుంది. పైగా దానికి అదనంగా మెమరీ కావాలి, 8 జీబీ అంచున ఉన్న ఆటలో ఆన్ చేస్తే తడబాటు మొదలవ్వొచ్చు. 2025 జనవరిలో లాస్‌వేగాస్ సీఈఎస్ వేదికమీద ఆర్‌టీఎక్స్ 5070లో 4090 పనితీరు అని ఎన్‌విడియా అధినేత జెన్సెన్ హువాంగ్ ప్రకటించారు. సృష్టించిన ఫ్రేములను కలిపితేనే నిలిచే మాట అది. కంపెనీ వేదికమీద ఏం చెప్పుకున్నా పత్రిక పట్టికలో అసలు ఫ్రేములు, సృష్టించినవి వేర్వేరు గడుల్లో ఉండాలి.

పేర్ల విషయంలోనూ పాఠకులను హెచ్చరించాలి. ఆర్‌టీఎక్స్ 3060 పేరుతోనే 2022లో 8 జీబీ కార్డు వచ్చింది. కోర్లు అవే 3,584, కానీ బస్ 128 బిట్లు, మెమరీ వేగం 240 జీబీకి పడిపోయింది, 4060లోని పెద్ద కాష్ దీనికి లేదు. ఈ ఉత్తరంలో 3060 గురించి చెప్పిన మంచిమాటలేవీ దానికి వర్తించవు. ల్యాప్‌టాప్‌లలో పరిస్థితి ఇంకా గజిబిజి. ల్యాప్‌టాప్ 4060కి తయారీదారు 35 వాట్లు ఇవ్వొచ్చు, 115 వాట్లు ఇవ్వొచ్చు. పేరొక్కటే, పనితీరులో ఎంతో వ్యత్యాసం. వాట్లు రాయని ల్యాప్‌టాప్ పోలికను అచ్చువేయకపోవడమే మేలు.

విద్యుత్ సంగతి క్లుప్తంగా. తేడా 55 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు 6.6 యూనిట్లు. చిన్న క్యాబినెట్, గాలి ఆడని గది అయితే బిల్లుకంటే ఆ వేడి తేడాయే ఎక్కువ తెలుస్తుంది. రెండు కార్డులకూ కంపెనీ సిఫారసు చేసే పవర్ సప్లై 550 వాట్లే. సెకండ్‌హ్యాండ్ 3060 కొనేవాళ్లు ఇరవై నిమిషాలు పూర్తి లోడ్ మీద నడిపి, చిప్ ఉష్ణోగ్రతకూ హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడెక్కిన చోటు) ఉష్ణోగ్రతకూ తేడా చూడాలి. 20 డిగ్రీలు బాగా దాటితే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, లేదా హీట్‌సింక్ సరిగా కూర్చోలేదు. తెరమీద రంగు చుక్కలు, చతురస్రాలు మెరిస్తే మెమరీ చిప్పులను అనుమానించి వదిలేయాలి.

ఇంతకీ ఏది కొనాలంటే, 4.0 స్లాటు ఉండి, 1080పీ మానిటర్‌తో, టెక్స్చర్లను హైలో పెట్టుకోవడానికి అభ్యంతరం లేనివాళ్లకు 4060. 3.0 స్లాటు ఉండి, విశాలమైన ప్రపంచాల్లో తిరిగే కొత్త ఆటలు అల్ట్రా టెక్స్చర్లతో ఆడాలనుకునేవాళ్లకు, 1440పీ మానిటర్‌లో 60 ఫ్రేములతో తృప్తిపడేవాళ్లకు 12 జీబీ 3060. ఒక వర్గానికి చెప్పిన కార్డును రెండో వర్గానికి అంటగట్టకూడదు.

మిమ్మల్ని కోరేదొకటే. ఇకమీద కార్డుల పట్టిక వేసినప్పుడు దాని కింద ప్రాసెసర్, ర్యామ్ వేగం, స్లాటు తరం, రిజల్యూషన్, డ్రైవర్ వెర్షన్, కొలిచిన సాఫ్ట్‌వేర్ పేరు, ఎంతసేపు కొలిచారన్నది చిన్న అక్షరాల్లోనైనా ఇవ్వండి. సగటు పక్కన ఒక శాతం కనిష్ఠం, షేర్డ్ మెమరీ ఎంత దూరం పెరిగిందన్నది చేర్చండి. చోటు చాలకపోతే కోర్ల సంఖ్య గడిని, పదికి ఇన్ని మార్కులు అనే గడిని తీసేయండి. ఆ రెండూ లేకపోయినా పాఠకుడికి నష్టం లేదు.

ఇట్లు,
మీ పత్రిక సాంకేతిక పేజీ పాఠకుడు